మెట్‌ మ్యూజియంలో ముగింపు తేదీ ఉన్నవి, లేనివి: ఏది ముందు చూడాలి, ఎందుకు

మీరు అడిగినదానిలో మూడు సంగతులున్నాయి. 2026 జనవరి రెండో వారంలో మీ అత్తమామలు సూర్యాపేట నుంచి న్యూజెర్సీ వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు, వారిని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు (మెట్‌కు) తీసుకెళ్లాలని మీ కోరిక. ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో కొన్ని ప్రదర్శనల పక్కన ముగింపు తేదీ, మరికొన్నింటి పక్కన 'ఆన్‌గోయింగ్' అన్న మాట మాత్రమే ఉండటంతో ఏవి ముందు చూడాలో తేలడం లేదన్నారు. ప్రత్యేక ప్రదర్శనలకు వేరే టికెట్ కొనాలా అని కూడా అడిగారు. చివరగా, 2023లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు అక్కడికి వచ్చినప్పుడు వెళ్లలేకపోయాం, అవి మళ్లీ వస్తాయా అన్నారు. నేను అమెరికాలోనే మరొక కళా మ్యూజియంలో, వస్తువుల రాకపోకలు నమోదు చేసే విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఏ వస్తువు ఎవరిది, ఏ షరతుల మీద వచ్చింది, ఏ రోజున పెట్టెలో సర్ది వెనక్కి పంపాలి అన్నది చూడటమే మా పని కాబట్టి, ఆ తేదీల వెనుక ఏముంటుందో కొంత వివరంగా చెప్పగలను. అది అర్థమైతే ఏది ముందు చూడాలో మీకే తెలుస్తుంది.

ముగింపు తేదీ ఉన్న ప్రదర్శన వెనుక సాధారణంగా మూడు కారణాలలో ఒకటో రెండో ఉంటాయి. వస్తువులు పరాయివై ఉండవచ్చు, వెలుతురుకు ఆగని రకానివై ఉండవచ్చు, లేదా ఆ గదులను తర్వాతి ప్రదర్శనకు ముందే కేటాయించి ఉండవచ్చు. మూడోదాని గురించి మీరు పట్టించుకోనక్కర లేదు. మొదటి రెండిటిలో ఏది వర్తిస్తుందో చూసుకుంటే, తప్పిపోతే మళ్లీ దొరకనిది ఏదో, కొన్నేళ్లకైనా అదే భవనంలో మళ్లీ కనిపించేది ఏదో విడివిడిగా తెలిసిపోతుంది.

మీకు వెంటనే పట్టించుకోవలసిన తేదీ ఒక్కటే ఉంది. 'డివైన్ ఈజిప్ట్' అనే ప్రదర్శన 2025 అక్టోబరు 12న మొదలైంది, 2026 జనవరి 19 సోమవారంతో ముగుస్తుంది. ప్రాచీన ఈజిప్టు ప్రజలు తమ దేవతలలో ముఖ్యులైన సుమారు ఇరవై అయిదు మందిని ఏయే రూపాలలో ఊహించుకున్నారో, ఆ రూపాలను గుడిలోనూ ఇంటిలోనూ ఎలా వాడుకున్నారో రెండు వందలకు పైగా వస్తువులతో చూపుతున్నారు. వాటిలో ఎక్కువ భాగం మెట్ సొంతమే. అవి ప్రదర్శన ముగిశాక తమ మామూలు గ్యాలరీలకో, గిడ్డంగికో చేరతాయి కనుక వాటి కోసం తొందరపడనక్కర లేదు. పారిస్‌లోని లూవ్ర్, బోస్టన్‌లోని లలితకళల మ్యూజియం వంటి చోట్ల నుంచి వచ్చినవి మాత్రం వెళ్లిపోతాయి. అవి తమ తమ మ్యూజియంలలో ఉంటూనే ఉంటాయి, కాని ఈ రెండు రకాల వస్తువులను ఒకే గదిలో పక్కపక్కన పెట్టి పోల్చి చూసే అవకాశం ఆ సోమవారంతో సరి.

మీ అత్తమామలకు ఈ ప్రదర్శన మనలో చాలామంది అనుకునేదానికన్నా దగ్గరగా తోస్తుందని నా నమ్మకం. డేగ తల ఉంటే హోరస్, రెండు ఆవు కొమ్ముల మధ్య సూర్యబింబం ఉంటే హాథోర్ అని మొదటి గదిలోనే పోలిక పట్టుకోవచ్చు. కాని తర్వాతి కాలపు శిల్పాలలో ఐసిస్ దేవత కూడా అదే కొమ్ముల కిరీటం పెట్టుకుంటుంది కనుక, పక్కన చెక్కిన పేరు చదవకుండా ఎవరో తేల్చలేని విగ్రహాలు ఎదురవుతాయి. కేశవనామాలు రోజూ చదివేవారికి ఇందులో వింత ఏమీ ఉండదు. శంఖం, చక్రం, గద, పద్మం అన్న ఆ నాలుగే నాలుగు చేతులలో స్థానం మారితే కేశవుడు నారాయణుడవుతాడు, మాధవుడవుతాడు, ఇరవై నాలుగు పేర్లూ అలాగే వస్తాయి. ఈ ఒక్క మాట ముందుగా చెప్పి లోపలికి తీసుకెళ్లండి, మీరు వివరించడం మానేసి వాళ్లు చెప్పేది వినవలసి వస్తుంది.

పందొమ్మిదో తేదీ మార్టిన్ లూథర్ కింగ్ స్మారక సెలవు. చివరి రోజు, పైగా సెలవు రోజు అంటే అక్కడ నిలబడటానికి చోటుండదు. అంతకుముందు శుక్రవారం, అంటే 16న సాయంత్రం వెళ్లడం మంచిది. శుక్ర, శనివారాల్లో మ్యూజియం రాత్రి 9 గంటల వరకు తెరిచే ఉంటుంది, బుధవారం పూర్తిగా సెలవు. ప్రయాణ బడలిక తీరకపోతే దీన్ని వదిలేయండి. నిద్రమత్తులో ఈజిప్టును చూపించి ఆ అలసటనే వాళ్లకు మ్యూజియం జ్ఞాపకంగా మిగల్చడం నాకు నచ్చని పని.

ముగింపు తేదీని పొడిగిస్తారేమో అని చాలామంది ఎదురు చూస్తారు. మ్యూజియం సొంత వస్తువులతో పెట్టిన ప్రదర్శన అయితే ఆ ఆశ కొంత సబబే, పొడిగింపులు తరచుగానే జరుగుతాయి. అరువు తెచ్చుకున్న వస్తువులు ఎక్కువగా ఉన్నప్పుడు అది దాదాపు జరగదు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత మా విభాగంలో ప్రతిరోజూ నిజమవుతూ ఉంటుంది. ఒక్క శిల్పం రావాలంటే ముందు ఒప్పందం, తర్వాత దాని ప్రతి పగులునూ పెచ్చునూ ఫోటో తీసి రాసిపెట్టే స్థితి నివేదిక, దాని కొలతలకు చేసిన చెక్కపెట్టె, పంపిన మ్యూజియం తరఫున పెట్టె వెంట ప్రయాణించే మనిషి ఉండాలి. పెట్టె చేరాక వెంటనే తెరవరు. లోపలి గాలి, గది గాలి ఒకే ఉష్ణోగ్రతకు, ఒకే తేమకు వచ్చేదాకా సాధారణంగా ఒక రోజంతా అలాగే ఉంచుతారు. తెరిచాక పాత నివేదిక పక్కన పెట్టుకుని, రెండు వైపుల మనుషులూ టార్చిలైటు వేసి అంగుళం అంగుళం సరిచూసి సంతకాలు చేస్తారు. తిరిగి పంపేటప్పుడు ఇదంతా మళ్లీ మొదటి నుంచి.

దీనికి తోడు చట్టాలు. విదేశీ వస్తువు అమెరికాలో ఉండగా ఎవరైనా దావా వేసి కోర్టు ద్వారా దాన్ని జప్తు చేయించకుండా 1965 నాటి ఒక చట్టం రక్షణ ఇస్తుంది. అందుకు వస్తువు దేశంలోకి రాకముందే విదేశాంగ శాఖ ప్రకటన వెలువడాలి. 1975 నాటి మరొక చట్టం కింద ప్రైవేటు బీమాకు బదులు అమెరికా ప్రభుత్వమే నష్టపరిహారానికి హామీ ఉండవచ్చు. ఇవన్నీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాసుకున్న కాగితాలు. మీకు వెబ్‌సైట్‌లో ఒక్క పంక్తిగా కనిపించే ముగింపు తేదీని మార్చాలంటే ఈ కాగితాలన్నిటినీ మార్చాలి, అందుకు ప్రతి యజమానీ ఒప్పుకోవాలి.

ఇక ఫణిగిరి సంగతి. ఆ ప్రదర్శన పేరు 'ట్రీ అండ్ సర్పెంట్'. క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 వరకు భారతదేశపు తొలి బౌద్ధ శిల్పాన్ని చూపుతూ 2023 జులై 21 నుంచి నవంబరు 13 వరకు నడిచింది, జాన్ గై దానికి క్యూరేటర్. నూటికి పైగా వస్తువులు ఉండగా అందులో యాభైకి పైగా భారతదేశం నుంచే వెళ్లాయి. వాటిలో సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి తవ్వకాలలో దొరికిన సున్నపురాయి తోరణ భాగాలు తెలంగాణ ప్రభుత్వ వారసత్వ శాఖ పంపినవి. తోరణం పైన అడ్డంగా పరిచిన దూలాల మీద బుద్ధుని కథలు బారులు తీరి ఉంటాయి. అసలు కట్టడంలో అవి మనిషి తలకు చాలా ఎత్తున ఉండేవి కనుక, గుడికి వచ్చిన ఆనాటి భక్తునికి కూడా ప్రదర్శనలో కనిపించినంత దగ్గరగా కనిపించి ఉండవు. చూసినవాళ్లు దాని గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారంటే కారణం అదేనని నా అభిప్రాయం.

మళ్లీ వస్తాయా అంటే, ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను. న్యూయార్క్ తర్వాత ఆ ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని జాతీయ మ్యూజియానికి వెళ్లి, 2024 ఏప్రిల్‌లో ముగిసింది. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాన్ని కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మరెవరూ దేశం దాటించలేరు. ప్రదర్శన కోసం పంపినా నిర్ణీత కాలానికే అనుమతి. అన్ని రాష్ట్రాల మ్యూజియంల నుంచి, పురావస్తు శాఖ స్థలాల నుంచి అన్ని రాళ్లను ఒక్కచోటికి చేర్చడానికి ఏళ్లు పడుతుంది. ఒకసారి జరిగాక అవే వస్తువులతో అదే నగరంలో మళ్లీ జరగడం మా వృత్తిలో చాలా అరుదు. ఇక్కడ మాత్రం మీ కుటుంబానికి ఒక సౌలభ్యం ఉంది. అవి దొరికింది మీ అత్తగారి జిల్లాలోనే కదా. మీరు ఊరు వెళ్లినప్పుడు ఫణిగిరి కొండ ఎక్కండి. అమరావతి మ్యూజియాన్ని, నాగార్జునసాగర్ జలాశయం మధ్య లాంచీలో వెళ్లి చూసే నాగార్జునకొండ మ్యూజియాన్ని కూడా కలుపుకుంటే, న్యూయార్క్ ప్రదర్శనలో ఆంధ్రదేశపు భాగానికి మూలం చాలావరకు మీరు చూసినట్టే. ముగిసిన ప్రదర్శనల పేజీలు మెట్ వెబ్‌సైట్‌లో తీసివేయకుండా ఉంచుతారు కనుక, వెళ్లే ముందు అక్కడ ఆ రాళ్ల వివరాలు చదువుకోవచ్చు.

ముగింపు తేదీకి రెండో కారణం వెలుతురు అన్నాను. రాయి, కంచు, బంగారం, మట్టిపాత్ర దీపపు కాంతికి ఏమీ కావు. కాగితం, నూలు, పట్టు, నీటిరంగులు, ఫోటోలు మాత్రం చూసిన ప్రతి గంటా కొంత నష్టపోతాయి, ఆ నష్టం చీకట్లో ఉంచితే ఆగుతుందే గాని పూడదు. అందుకే అలాంటి గదులలో వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచుతారు, తైలవర్ణ చిత్రాలకు సుమారు 200 వరకు ఒప్పుకుంటారు. లోపలికి అడుగుపెట్టగానే మీ మామగారు 'ఇంత చీకటి ఏమిటి' అంటారు. రెండు మూడు నిమిషాలు ఒక బెంచీ మీద కూర్చోబెడితే కళ్లు అలవాటుపడతాయి, తర్వాతే చూడటం మొదలుపెట్టండి. ఇలాంటివాటిని కొన్ని నెలలు చూపి, కొన్నేళ్లు పెట్టెలో విశ్రాంతిగా ఉంచుతారు. వాటి ముగింపు తేదీని వాయిదా వేయడం ఎవరి చేతిలోనూ ఉండదు.

2026 ఫిబ్రవరి 1 వరకు ఉన్న, అమెరికన్ కళాకారుడు 'మ్యాన్ రే' ప్రదర్శన ఈ కోవలోనిదే. కెమెరా లేకుండా, వెలుతురుకు స్పందించే కాగితం మీద తాళంచెవి, దువ్వెన లాంటి వస్తువులను పెట్టి క్షణకాలం కాంతి పడనిచ్చి ఆయన చేసిన చిత్రాలను రేయోగ్రాఫ్‌లు అంటారు. అలాంటివి సుమారు అరవై అక్కడ ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైన ప్రదర్శనే అయినా, మొదటిసారి వస్తున్న పెద్దవాళ్లకు దీన్ని చూపించమని చెప్పను, మీరూ మీవారూ విడిగా వెళ్లి చూడండి. ఫిన్లండ్ చిత్రకారిణి హెలీనా షెర్ఫ్‌బెక్ చిత్రాల ప్రదర్శన ఏప్రిల్ 5 వరకు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఫిన్లండ్ నుంచే వచ్చినవి, కాబట్టి ఇది మొదటి కారణం కిందికి వస్తుంది. వయసు మీద పడుతున్న తన ముఖాన్ని ఏళ్ల తరబడి తానే గీసుకుంటూ, చివరికి కళ్లూ నోరూ తప్ప మిగిలినదంతా తీసేసినంత దూరం వెళ్లిన మనిషి ఆమె. బొమ్మల మీద ఆసక్తి ఉన్నవారు తప్పక చూడాలి.

ఆరు నెలలు ఉంటారన్నారు కనుక అసలు పెద్ద సందర్భం వసంతంలో ఉంది. మార్చి 29 నుంచి జూన్ 28 వరకు ఇటలీ చిత్రకారుడు రాఫెల్ ప్రదర్శన ప్రకటించారు. చిత్రాలతో పాటు ఆయన చేతి రేఖాచిత్రాలు కూడా పెద్ద సంఖ్యలో రాబోతున్నాయి. అంటే అరువు, వెలుతురు అన్న రెండు కారణాలూ ఒకే చోట కలిశాయి. అయిదు వందల ఏళ్ల నాటి కాగితాన్ని ఒక మ్యూజియం సముద్రం దాటించి మూడు నెలలు చూపించిందంటే, అది తిరిగి వెళ్లాక చాలాకాలం ఎవరికీ చూపించదు. జనవరిలో ఏది వదిలినా దీన్ని వదలకండి. ఏప్రిల్‌లో ఒక మంగళవారమో గురువారమో, ఉదయం పది గంటలకు తలుపులు తెరిచే వేళకు వెళ్లండి. మే 10న కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ (మెట్‌లోని దుస్తుల విభాగం) కొత్త గ్యాలరీలు మొదలవుతాయి, ఆ తర్వాత రద్దీ మరో రకంగా ఉంటుంది.

'ఆన్‌గోయింగ్' అన్నదాన్ని చాలామంది శాశ్వతం అని చదువుకుంటారు. దాని అర్థం ముగింపు తేదీ ఇంకా నిర్ణయించలేదు అని మాత్రమే. మెట్‌లో కదలనివి కొన్ని ఉన్నాయి. క్రీస్తుపూర్వం 15 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో నైలు నది ఒడ్డున కట్టిన డెండూర్ గుడిని, ఆస్వాన్ ఆనకట్ట నీటిలో మునగకుండా విప్పదీసి, ఈజిప్టు 1965లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. 1978 నుంచి అది ఒక గాజుగోడ గదిలో, నీటికొలను పక్కన నిలిచి ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి ఆలంపురం పరిసరాల గుళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టిన సంగతి మీ మామగారికి గుర్తుండే ఉంటుంది. ఇది కూడా అలాంటి పనే, కాకపోతే సముద్రం దాటింది. గుడి కదలలేదు గాని ఆ విభాగం పేరు కదిలింది: దాతలైన శాక్లర్ కుటుంబపు మందుల వ్యాపారం మీద వివాదం వచ్చాక 2021లో వారి పేరును అక్కడ తొలగించారు.

'బిఫోర్ ఎస్టర్‌డే వుయ్ కుడ్ ఫ్లై' అన్న గది మరో రకం. 2021 నవంబరులో తెరిచినప్పటి నుంచి 'ఆన్‌గోయింగ్' జాబితాలోనే ఉంది. సెంట్రల్ పార్కు కోసం 1857లో ఖాళీ చేయించిన సెనెకా విలేజ్ అనే నల్లజాతి ప్రజల ఊరు అక్కడే, మ్యూజియానికి కొద్ది దూరంలో ఉండేది. ఆ ఊరు అలాగే బతికి ఉంటే అందులో ఒక ఇల్లు ఈనాడు ఎలా ఉండేదో ఊహించి అమర్చారు. ఆ గదిలో ఇల్లు ఒకటే నిలిచి ఉంటుంది, లోపలి వస్తువులు అప్పుడప్పుడు మారుతుంటాయి. ఆఫ్రికా, ప్రాచీన అమెరికా, ఓషియానియా కళలకు కేటాయించిన రాక్‌ఫెల్లర్ విభాగం కొన్నేళ్లు మూసి ఉంచి, పూర్తిగా మార్చి 2025 మే 31న మళ్లీ తెరిచారు. ఐరోపా చిత్రాల గదుల పైకప్పు అద్దాలు మార్చడానికి 2018లో మొదలుపెట్టిన పని 2023 నవంబరు దాకా పట్టింది, ఆ మధ్యలో వచ్చినవారు సగం చిత్రాలు చూడకుండానే వెళ్లారు. ఇలాంటి మూసివేతలకు పెద్ద ప్రకటన ఉండదు. వెళ్లే రోజు ఉదయం వెబ్‌సైట్‌లో మూసిన గ్యాలరీల జాబితా ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

వస్తువు పూర్తిగా వెళ్లిపోవడం కూడా ఉంది. దొంగరవాణాతో సంబంధం ఉన్న వ్యాపారి సుభాష్ కపూర్ చేతుల మీదుగా వచ్చాయని తేలడంతో 15 శిల్పాలను భారత ప్రభుత్వానికి తిరిగి ఇస్తున్నట్టు 2023 మార్చిలో మెట్ ప్రకటించింది. ఎవరి పక్షాన ఏ అభిప్రాయం ఉన్నా, గోడ మీద వస్తువు పక్కనుండే చీటీలోని చివరి పంక్తి చదవడం నేర్చుకోండి. ఎవరిచ్చారు, ఏ నిధితో కొన్నారు, ఏ సంవత్సరంలో చేరింది అన్నది అక్కడ ఉంటుంది. ప్రతి వస్తువుకూ మ్యూజియం ఒక నంబరు ఇస్తుంది, మెట్ కొత్త నంబర్లలో మొదటి నాలుగు అంకెలు వస్తువు చేరిన సంవత్సరమే.

దక్షిణాసియా గ్యాలరీలు 'ఆన్‌గోయింగ్' కిందికే వస్తాయి, మీరు ఈ ఆరు నెలల్లో మళ్లీ మళ్లీ వెళ్లవలసిన చోటు కూడా అదే. చోళుల కాలపు కంచు పార్వతి దగ్గర అందరూ ఆగుతారు, ఆగాలి కూడా. గుజరాత్‌లోని పాటన్ నుంచి వచ్చిన, పదహారో శతాబ్దపు చివరి నాటి జైన మందిరపు చెక్క గోపురం పైకప్పుగా అమర్చి ఉంటుంది. దాని కింద నిలబడి తల ఎత్తకుండా వెళ్లిపోయేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. నాగార్జునకొండ నుంచి వెళ్లిన సున్నపురాయి ఫలకం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లడం, మారుడు ఆయనను ప్రలోభపెట్టడం ఉంటాయి. ఫణిగిరి తప్పిపోయిందన్న వెలితి దీని ముందు కొంత తీరుతుంది.

అన్నిటికన్నా నేను చూపించదలచింది ఒక జత బంగారు చెవి ఆభరణాలు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటివి, బహుశా ఆంధ్రదేశంలో చేసినవని మ్యూజియం చీటీలోనే ఉంటుంది, 1981లో చేరాయి. దూరం నుంచి చూస్తే రెండు లావుపాటి బంగారు ముద్దల్లా ఉంటాయి. దగ్గరికి వంగితే ఒక్కొక్కదానిలో నడిమి తీగ నుంచి రెండు వైపులా మొగ్గల్లాంటి పలకలు విచ్చుకుని, వాటిలో ఒకదాని మీద రెక్కల సింహం, మరొకదాని మీద ఏనుగు కనిపిస్తాయి. జంతువుల ఒంటి మీద ఆవగింజకన్నా చిన్న బంగారు గుళికలు, తీగముక్కలు ఒక్కొక్కటిగా అతికి ఉంటాయి. వీటిని పెట్టుకుంటే చెవి తమ్మె భుజం దాకా సాగుతుంది. బరువైన నగలకు సాగిన చెవులను అమరావతి శిల్పాలలో ఎన్నిచోట్ల చూశారో మీ అత్తగారిని అడగండి. నగలు కొనేటప్పుడు తిప్పి వెనుకవైపు పనితనం చూసే అలవాటు ఉన్నవారికి ఈ అద్దాల పెట్టె దగ్గర చాలాసేపు పడుతుంది.

బంగారం కనుక వీటికి వెలుతురు భయం లేదు, కాని ఎవరైనా అరువు అడిగితే ప్రయాణం కట్టవచ్చు. అందుచేత ఏదైనా ఒక వస్తువు కోసమే వెళుతుంటే, వెబ్‌సైట్‌లోని సంగ్రహంలో దాని పేరు వెతకండి. పేజీలో గ్యాలరీ నంబరు ఉంటే బయట ఉన్నట్టు, 'నాట్ ఆన్ వ్యూ' అని ఉంటే గిడ్డంగిలోనో మరెక్కడో ఉన్నట్టు. ఇస్లామిక్ కళల గ్యాలరీలలోని గోల్కొండ కాలపు కలంకారీ రుమాలు లాంటివాటికి ఇది మరీ ముఖ్యం. 2015లో దక్కన్ సుల్తానుల మీద పెట్టిన పెద్ద ప్రదర్శనలో అలాంటి బట్టలు చాలా బయటికి వచ్చాయి. మామూలు రోజుల్లో నూలుబట్ట కనుక బయట కనిపించే కాలం తక్కువ, పెట్టెలో ఉండే కాలం ఎక్కువ. జపాన్, చైనా చిత్రాల గదులలోనూ బొమ్మలు కొన్ని నెలలకొకసారి మారుతూనే ఉంటాయి.

టికెట్ సంగతి తేలికైనది. ప్రత్యేక ప్రదర్శనలకు వేరే టికెట్ లేదు, ప్రవేశ రుసుములోనే అన్నీ వస్తాయి, అదే రోజున మెట్‌కే చెందిన క్లోయిస్టర్స్ అనే మరో శాఖకు కూడా అదే టికెట్ చెల్లుతుంది. పెద్దలకు 30 డాలర్లు, 65 దాటినవారికి 22, విద్యార్థులకు 17, పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఇష్టమైనంత ఇచ్చి లోపలికి వెళ్లవచ్చన్న మాట మన న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది. 2018 మార్చి నుంచి ఆ సౌకర్యం న్యూయార్క్ రాష్ట్రంలో నివసించేవారికి, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులకు మాత్రమే. మీ ఇంట్లో ఎవరైనా న్యూజెర్సీ కాలేజీలో చదువుతుంటే వారికి వర్తిస్తుంది, మీకు వర్తించదు. జనం విరగబడే ప్రదర్శనలకు లోపల వర్చువల్ క్యూ పెడుతుంటారు. అలా ఉంటే భవనంలోకి రాగానే ముందు ఫోనుతో ఆ కోడ్ స్కాన్ చేసి పేరు నమోదు చేసుకోండి, వంతు వచ్చేలోపు దగ్గరలోని గ్యాలరీ చూడవచ్చు.

కాబట్టి జనవరి 16 సాయంత్రం ఒంట్లో ఓపిక ఉంటే ఈజిప్టు ప్రదర్శన, ఆ తర్వాత డెండూర్ గుడి, అంతే. రెండు గంటలు మించనివ్వకండి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక మంగళవారమో గురువారమో దక్షిణాసియా గ్యాలరీలకు మాత్రమే ఒక పూట ఉంచండి. ఏప్రిల్‌లో రాఫెల్. ముఖద్వారం గూళ్లలో కళాకారుడు జెఫ్రీ గిబ్సన్ నిలిపిన నాలుగు కంచు జంతువుల విగ్రహాలు జూన్ 9 వరకు ఉంటాయి, వాటిని మెట్ల మీద కూర్చుని చూడటానికి టికెట్ కూడా అక్కర లేదు. మీ మామగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, లోపల కోట్లు దాచే కౌంటరు దగ్గర చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు, ముందు వచ్చినవారికి ముందు. ముఖద్వారం మెట్లు ఎక్కనవసరం లేకుండా ఫిఫ్త్ అవెన్యూ మీదే 81వ వీధి దగ్గర నేల మట్టంలో మరో ద్వారం ఉంది. కారులోంచి వాళ్లను అక్కడ దింపి, మీరు పార్కింగ్ వెతుక్కోవడానికి వెళ్లండి.